కనిపెట్టియుండుట: నర్సమ్మల చరిత్రలో మన ఊరి పుటలు

మన శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాసి ఇవ్వవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, రాంగోపాల్‌పేట సంఘస్థులమైన మేము కొందరము కూర్చుండి ఆలోచించాము. బిషపులను గురించి, పాదిరిగారలను గురించి, పాఠశాలలను గురించి, దేవాలయ నిర్మాణములను గురించి వ్రాయుటకు పెద్దలున్నారు. వారి పేర్లు శంకుస్థాపన ఫలకముల మీద చెక్కబడియున్నవి. ఏ ఫలకము మీదను పేరు లేనివారు మన సంఘములలో ఒక వర్గముగా ఉన్నారు. వారే నర్సమ్మలు. ఆదివారము ఆరాధన ముగియక మునుపే డ్యూటీకి వేళయినదని వెనుక బెంచీలోనుండి లేచి వెళ్లేవారిని మనమందరము చూచియున్నాము. మాలో ముగ్గురము ఆ వృత్తిలో పనిచేసి విశ్రాంతి పొందినవారము. మిగిలినవారము వారి తోబుట్టువులము, బిడ్డలము. కనుక నర్సింగు చరిత్రలో మన ఊరికి, మన తెలుగు దేశమునకు సంబంధించిన కొన్ని సంగతులను మీ ముందు ఉంచుతున్నాము. ఆసుపత్రుల కట్టడములను గురించి కాదు, మంచము ప్రక్కన జరిగే పనిని గురించి.

తెలుగులో ‘కనిపెట్టు’ అను మాటకు రెండు అర్థములున్నవి. తెలియనిదానిని తెలిసికొనుట ఒకటి. ఒకరిని విడువక చూచుకొనుచు కాచుకొనియుండుట మరియొకటి. ప్రార్థనలో మనము రెండవ అర్థములో వాడుతాము, బడిపుస్తకములలో మొదటి అర్థములో చదువుతాము. నర్సు పనిలో ఈ రెండును విడదీయరానివి. కనిపెట్టుకొనియున్న మనిషికే, రోగిలో వచ్చిన మార్పు ముందుగా కనబడుతుంది.

సికిందరాబాదు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరుమీద ఏర్పడిన దండు ఊరు. దండు ఉన్నచోట జబ్బులుండేవి, జబ్బులున్నచోట దవాఖానాలుండేవి. 1851లో ఇక్కడ చిన్న ఇన్‌ఫర్మరీగా మొదలైన ఆసుపత్రియే తరువాత కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి అయినది. పాతవారు దానిని కే.ఇ.యం. అనేవారు. అదే గాంధీ ఆసుపత్రిగా పేరు మారి, రైలు స్టేషను దగ్గరనుండి 2003లో ముషీరాబాదులోని పాత జైలు స్థలమునకు తరలినది. మన పేటకు పేరిచ్చిన దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్‌గారు జేమ్స్ స్ట్రీటులో పోలీసు స్టేషను కట్టించి ఇచ్చారు. దాని బురుజు మీద గడియారమున్నది. గడియారములున్న ఊరు మనది. గడియారము నర్సుకు ఎంత అవసరమో ముందు చెప్పబోతున్నాము.

ఆ రోజులలో మనుష్యులు జబ్బుపడితే చూచుకొన్నది ఇంటి ఆడవారే. కాన్పులకు మంత్రసాని వచ్చేది. దండు ఆసుపత్రులలో సిపాయిలనే ఆర్డర్లీలుగా పెట్టేవారు. 1854లో క్రిమియా యుద్ధమునకు వెళ్లిన ఫ్లారెన్స్ నైటింగేల్ గారి పేరు మనకందరికి తెలుసు. ఆమె భారతదేశములో ఏనాడును అడుగుపెట్టలేదు. అయినను ఇక్కడి దండు ఊళ్లనుండి 1859 తరువాత రాయల్ కమిషనుకు చేరిన నివేదికలను చదివి, బారకాసులలో మురుగు, నీరు, గాలి ఎట్లున్నవో తన గదిలో కూర్చుండియే విప్పి చెప్పినది. దీపము పట్టుకొన్న అమ్మగా ఆమెను బొమ్మలలో చూపుతారు గాని, లెక్కలు పట్టుకొన్న మనిషిగా కూడ చూపవలసినది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ మొదలైనది. 1888లో కాథరిన్ లాక్ అను ఆమె నాయకత్వములో తొలి సైనిక నర్సులు ఇంగ్లాండునుండి ఓడ దిగారు.

అదే 1888వ సంవత్సరములో హైదరాబాదులో జరిగిన ఒక సంగతిని కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. వైద్య చరిత్రలో మన నగరము పేరు నిలిచిన సంగతి అది. నర్సింగునకు మూలమైన ప్రశ్న కూడ అదే. శస్త్రచికిత్సకు ముందు రోగికి క్లోరోఫారము ఇచ్చే కాలమది. అప్పుడప్పుడు బల్లమీదనే ప్రాణము పోయేది. ఎందుకు పోతున్నదో తెలియదు. గుండె ముందు ఆగుతుంది, కనుక నాడి మీద వేలు పెట్టి చూడుమని లండను డాక్టర్లన్నారు. ఊపిరి ముందు ఆగుతుంది, కనుక శ్వాసను చూడుమని ఎడిన్‌బరోవారన్నారు. ఇక్కడి రెసిడెన్సీ సర్జనును, హైదరాబాదు మెడికల్ స్కూలు ప్రధానాచార్యుడును అయిన ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో నేర్చుకొన్నవాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారి సొమ్ముతో 1888లో ఒక కమిషను, 1889లో రెండవ కమిషను జరిగినవి. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. అతని రాకకును నిజాముగారే వేయి పౌండ్లిచ్చారు. వందలాది జంతువులమీద ప్రయోగములు చేసి, శ్వాసయే ముందు ఆగుతుందని, దానినే కనిపెట్టవలెనని తీర్పు చెప్పారు.

ఆ తీర్పులో సగమే సత్యమున్నది. 1911లో గుడ్‌మన్ లెవీ అను ఆయన, క్లోరోఫారము తక్కువ మోతాదులో ఉన్నప్పుడు గుండె హఠాత్తుగా అదిరి ఆగిపోవుట కూడ నిజమేనని చూపించాడు. అనగా లండనువారిదీ పూర్తిగా తప్పు కాదు, మనవారిదీ పూర్తిగా ఒప్పు కాదు. శ్వాసను చూడవలెనా, నాడిని చూడవలెనా అని పెద్దవారు ఇరువది ఏండ్లకు పైగా వాదించుకొన్నారు. రెండును చూడవలెను, వాటితోపాటు ముఖము రంగును, పెదవులను, చెమటను కూడ చూడవలెను అన్నది ఈనాడు మొదటి సంవత్సరపు నర్సింగు విద్యార్థిని చెప్పే జవాబు. ఆ లారీ శిష్యురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీ మన నగరములో మత్తు ఇచ్చుటలో నిపుణురాలై, 1909లో ఎడిన్‌బరో వెళ్లి ఇంకను నేర్చుకొని తిరిగివచ్చినది. లోకములోనే తొలి మహిళా మత్తువైద్యులలో ఆమె ఒకరు. ఆమె నర్సు కాదు, డాక్టరు. అయినను రోగి తలవైపు కూర్చుండి, కన్ను మరల్చక చూచే ఆ పని మా పనికి చుట్టమే.

బేగంపేటలో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచిన కథ మన పిల్లలందరికి తెలుసు. హుసేన్ ఖాన్ అను రోగి తనను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొన్నాడు. రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. విసుగు లేక చూచేవానికి దొరికిన దానికి అదొక సాక్ష్యము. అంతకంటె దానిని సాగదీయము.

ఇప్పుడు మన క్రైస్తవ ఆసుపత్రుల సంగతి. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు ఆసుపత్రి ద్వారములు తెరచినది 1898లో. మధ్యనున్న ఆ పదునైదేండ్లు ఆమె ఇండ్లకు వెళ్లియు, చిన్న దవాఖానాలో కూర్చుండియు వైద్యము చేసినది. 1890ల మధ్యలో కాథరిన్ ఫాస్ అను శిక్షణ పొందిన నర్సు ఆమెకు తోడుగా వచ్చి, తెలుగు అమ్మాయిలకు పని నేర్పనారంభించినది. డాక్టరు పేరు ఆసుపత్రికి నిలిచినది. నర్సు పేరు ఎందరికి తెలుసు? ఈ వ్యాసము వ్రాయుటకు అది కూడ ఒక కారణము.

ఆ తొలి అమ్మాయిలు ఎవరు? చాలమంది బీద క్రైస్తవ కుటుంబములవారు, మాల మాదిగ పల్లెలనుండి బోర్డింగు పాఠశాలలకు వచ్చినవారు, భర్త చనిపోయి దిక్కులేనివారు. మలమూత్రములను ముట్టుట, రక్తమును కడుగుట, పరపురుషుని ఒళ్లు తుడుచుట, రాత్రిపూట ఇల్లు విడిచియుండుట, ఇవన్నియు ఆనాటి సమాజము చిన్నచూపు చూచిన పనులు. ఆ చిన్నచూపులోనుండియే మన ఆడబిడ్డలకు ఒక వృత్తి, ఒక జీతము, ఒక తెల్లని ఉడుపు దొరికినవి. ఈ మాట నిష్ఠూరముగా తోచవచ్చును గాని చెప్పక తప్పదు: ఊరిలో తన నీడ పడితే పక్కకు తొలగిన కులమువారే, జ్వరము వచ్చి ఆసుపత్రిలో పడుకొన్నప్పుడు ఆమె చేతితో నీళ్లు త్రాగారు. ఉపన్యాసములు చేయలేని పనిని ఆ నీళ్ల గ్లాసు కొంత చేసినది.

వారికి మొదట నేర్పినవి ఏమిటి? చేతులు కడుగుకొనుట. పక్క మీద రోగి ఉండగనే, అతనిని కదలించి బాధపెట్టకుండ దుప్పటి మార్చుట. ఒళ్లు తుడుచునప్పుడు కప్పవలసినది కప్పుట. ఉష్ణమానిని చదివి చార్టులో చుక్క పెట్టుట. త్రాగిన నీరు ఎంత, పోసిన మూత్రము ఎంత అని వ్రాయుట. రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పి వీపు, పిరుదులు, మడమలు చూచుట. ఇంటిలో అవ్వను చూచుకొన్నవారికి ఇవన్నియు తెలిసినవే కదా అని కొందరంటారు. తెలిసినవే. కాని ఒంట్లో ఓపిక ఉన్ననాడు చేయుట వేరు, ముప్పది మంది రోగులకు, ఏ ఒక్కరికి తప్పిపోకుండ, అర్ధరాత్రి కూడ చేయుట వేరు. చేసినదానిని మరియొకరు చదువగలిగినట్లు వ్రాసిపెట్టుట మరియు వేరు.

మన తెలంగాణ ప్రాంతములో వెస్లియన్ మిషను పనిని గురించి ఈ సంచికలో ఇతరులు వ్రాస్తారు. చార్లెస్ పోస్నెట్ దొరగారు 1895లో సికిందరాబాదుకు వచ్చి, తిరుమలగిరి సిపాయిలను విడిచి 1897లో మెదకు చేరిన కథ మనకు కంఠతా వచ్చు. మేము చెప్పవలసినది డిచ్‌పల్లి సంగతి. డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు, భర్త జార్జి కెర్‌గారితో కలిసి నిజామాబాదులో 1911లో కుష్ఠురోగులకు ఒక ఆశ్రయము తెరచి, రాజా నర్సాగౌడ్‌గారి దానముతో 1915లో డిచ్‌పల్లిలో పెద్ద ఆశ్రమము ఏర్పరచారు. నర్సాగౌడ్‌గారు హిందువు. ఆయన ఇచ్చిన సొమ్ముతో మిషను ఆసుపత్రి లేచినదను సంగతిని మన ఉత్సవములలో ఇంకను గట్టిగా చెప్పవలెనని మా కోరిక.

అక్కడ హైడ్నోకార్పస్ అను చెట్టు గింజల నూనెను సూది ద్వారా ఇచ్చేవారు. ఆ సూది చాల నొప్పి, ఫలితము కొందరికే. డాప్సోను మాత్ర వచ్చినది 1940ల తరువాత. పలు మందులు కలిపి ఇచ్చే పద్ధతి 1980ల మాట. మరి అంతవరకు రోగిని నిలబెట్టినది ఏమిటి? పుండు కడుగుట, కట్టు కట్టుట, పాదములను నీటిలో నాననిచ్చి నూనె రాయుట. ఈ పనిలో ఒక రహస్యమున్నది. కుష్ఠువలన వ్రేళ్లు వాటంతట అవి కుళ్లి రాలిపోవునని అందరు నమ్మేవారు. వెల్లూరులో పాల్ బ్రాండ్ డాక్టరుగారు 1940ల చివరినుండి పరీక్షించి చూచి, స్పర్శ పోయినందున తగిలే దెబ్బలే అసలు కారణమని నిరూపించారు. కాగుతున్న గిన్నెను ఉత్తచేతితో దించినా తెలియదు, చెప్పులో మేకు గుచ్చుకొన్నా తెలియదు. నొప్పి లేనివానికి నొప్పిని గురించి ఎవరు చెప్పవలెను? ప్రతి సాయంకాలము అతని అరికాలిని తిప్పి చూచే మనిషి చెప్పవలెను. ఎర్రబడినదా, వేడిగా ఉన్నదా, నిన్నటికంటె వాచినదా? అతని నరములు చేయని పనిని ఆమె కన్నులు, వ్రేళ్లు చేయవలెను. నర్సింగును గురించి మాకు ఎవరైన ఒక్క ఉదాహరణ అడిగితే దీనినే చెబుతాము.

నగరములో అంటురోగములకు వేరే ఆసుపత్రి 1915లో ఏర్పడినది. క్వారంటీను అను మాట మన నోట ‘కోరంటి’ అయినది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పెద్దవారు కోరంటి దవాఖానా అనేవారు. 1918 ఇన్‌ఫ్లుయెంజాకు లోకములో ఎక్కడను మందు లేదు. నీరు పట్టించుట, ఒళ్లు తుడుచుట, గాలి వచ్చునట్లు పడుకోబెట్టుట, ఇంతే. కలరాకు కూడ చాలకాలము సెలైను సీసాయే గతి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో సీసాలు అయిపోగా, దిలీప్ మహలనబీస్ అను డాక్టరుగారు ఉప్పు, చక్కెర కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే గ్లాసులతో త్రాగించారు. ముప్పది శాతమువరకున్న మరణములు నాలుగు శాతము లోపునకు దిగినవి. ఆ నీటిలో గొప్ప రసాయనమేమియు లేదు. ప్రక్కన కూర్చుండి, కక్కినను మరల గుక్కెడు గుక్కెడుగా త్రాగించే మనిషి కావలెను.

స్వాతంత్ర్యము నాటికి మన దేశములో నర్సులు ఎంత కొద్దిమందో 1946 నాటి భోర్ కమిటీ చెప్పినది: నలుబది మూడువేల జనాభాకు ఒక నర్సు. అదే 1946లో వెల్లూరులోను, ఢిల్లీలోను డిగ్రీ చదువు మొదలైనది. 1947 చివరిలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చినది. తరువాతి చరిత్ర కళాశాలల సంఖ్యలు, సర్టిఫికెట్ల పేర్లు గనుక దాటిపోతున్నాము.

నైపుణ్యము ఒకటి, వివేచన మరియొకటి అని కొందరు విడదీస్తారు. మాకు అనుభవములో అట్లు కనబడలేదు. మాలో ఒకరు చాల ఏండ్ల క్రిందట నగరములోని ఒక ఆసుపత్రిలో నైటు డ్యూటీలో ఉన్నారు. కడుపు ఆపరేషను అయి మూడవ రాత్రి గడుపుతున్న ఒక పెద్దాయన. జ్వరము లేదు, బి.పి. సరిగా ఉన్నది. “ఇప్పుడే కన్ను మూతపడింది, లేపకమ్మా” అన్నది ఆయన భార్య. కాని దుప్పటి పైకి క్రిందికి కదలే తీరు బాగుగా లేదని ఆమెకు తోచినది. నిమిషము పూర్తిగా లెక్కపెట్టితే ఊపిరి ఇరువది ఎనిమిది. మూత్రపు సంచి సాయంకాలము ఎంత ఉన్నదో దాదాపు అంతే ఉన్నది. డ్యూటీ డాక్టరుకు ఫోను చేస్తే, బి.పి. బాగానే ఉన్నది కదా, ప్రొద్దున చూద్దామన్నాడు. ఆమె పోట్లాడలేదు, ఊరకుండనూ లేదు. పావుగంట ఆగి మరల లెక్కపెట్టి, రెండు లెక్కలను కాగితము మీద వ్రాసికొని, మరల ఫోను చేసినది. “సార్, బి.పి. బాగానే ఉంది. మనిషే బాగా లేడు. ఊపిరి ఇరవై ఎనిమిది ఉండేది, ఇప్పుడు ముప్పై రెండు. యూరిన్ రావటం లేదు. మీరొచ్చి చూస్తే బాగుంటుంది.” ఆయన వచ్చాడు. లోపలి కుట్టు వదలి కడుపులో చీము చేరినది. తెల్లవారక మునుపే థియేటరుకు తీసికొని వెళ్లారు. ఆ పెద్దాయన బ్రదికి ఇంటికి వెళ్లాడు.

ఇందులో నైపుణ్యమేది, వివేచన ఏది? లెక్కపెట్టుట నైపుణ్యమైతే, లెక్కపెట్టవలెనని తోచుట వివేచన. ఆ తోచుట కూడ గాలిలోనుండి రాదు. అంతకుముందు కొన్ని వేలమంది నెమ్మదిగా నిద్రపోవుటను చూచిన కన్నునకే, నెమ్మది కాని నిద్ర కనబడుతుంది. 2012లో ఇంగ్లాండు డాక్టర్లు దీనికొక పట్టిక తయారుచేశారు. నిమిషానికి పన్నెండునుండి ఇరువదివరకు శ్వాస సరియైనది. ఇరువదియైదు, ఆపైన అయితే అన్నిటికంటె పెద్ద మార్కు, అంటే అపాయము. ఇప్పుడు మన నగరపు పెద్ద ఆసుపత్రులలో కూడ అటువంటి పట్టికలున్నవి. అయితే చాల చార్టులలో శ్వాస గడియలో ప్రతివారికి ‘20’ అని, లెక్కపెట్టకుండగనే వ్రాసియుండుట మేము చూచియున్నాము. నూట ముప్పదియేండ్ల క్రిందట నిజాముగారు సొమ్మిచ్చి తేల్చమన్న సంగతియే ఇది!

2020లో కోవిడు వచ్చినప్పుడు మన గాంధీ ఆసుపత్రియే తెలంగాణకంతటికి ముఖ్యమైన కోవిడు ఆసుపత్రి అయినది. అప్పుడు ప్రతి ఇంటిలోనికి వ్రేలికి తగిలించే ఆక్సిమీటరు వచ్చినది. అది మంచి పరికరము. మాట్లాడుచు, ఫోను చూచుకొనుచు కూర్చున్న మనిషికి ఆక్సిజను ఎనుబదికి దిగియుండుటను అది బయటపెట్టినది. కన్నుకు కనబడనిదానిని చూపినది. కాని చేయి చల్లబడినా, గోటికి రంగున్నా, ఒంటి రంగు నలుపైనా అది తప్పు చెప్పగలదు. తొంబదియారు చూపుతున్నది కదా అని ఎగశ్వాస తీసే మనిషిని ఇంటిలోనే ఉంచరాదు. ఎనుబది చూపినదని గోరింటాకు పెట్టిన చేతితో పరుగెత్తనూ అక్కరలేదు. వ్రేలు మార్చి, చేయి వెచ్చబరచి మరల చూడవలెను. ఆ రోజులలో ప్రాణములు నిలిపిన పనులలో ఒకటి రోగిని బోర్లా పడుకోబెట్టుట. గొట్టములన్నిటితో ఒక బరువైన మనిషిని తిప్పవలెనంటే నలుగురైదుగురు ఒక్క మాటమీద కదలవలెను. పి.పి.ఇ. కిట్టులో చెమటతో తడిసి ఆ పని చేసినవారిలో మన సంఘముల ఆడబిడ్డలు, మగబిడ్డలు ఉన్నారు.

ఇక మా మనస్సులోనున్న ఒక బరువును కూడ దింపుకొంటాము. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు ఉండవలెనని కౌన్సిల్ ప్రమాణము. మాలో ఒకరు తన చివరి ఉద్యోగములో, పేరు చెప్పని ఒకచోట, రాత్రిపూట నలుబది మందికి ఒక్కరుగా ఉన్నారు. నలుబది మందికి నిమిషము చొప్పున ఊపిరి లెక్కించుటకే నలుబది నిమిషములు. మరి వీపులు ఎప్పుడు చూడవలెను, మందులు ఎప్పుడు సరిచూడవలెను? నర్సు నిర్లక్ష్యము అని పత్రికలో వచ్చినప్పుడు మొదట మేమడిగే ప్రశ్న, ఆ రాత్రి ఎంతమందికి ఎందరున్నారని. ఇక రెండవది మన ఇండ్లలోనిది. ఇంగ్లాండు వీసా వచ్చిన నర్సును పెండ్లిచూపులలో గౌరవిస్తాము; ఇక్కడే ప్రభుత్వ దవాఖానాలో బెడ్‌పాన్ ఎత్తే నర్సును “ఇంకేమీ దొరకలేదా అమ్మా?” అని అడుగుతాము. ఆ అమ్మాయి చేసే పని రెండుచోట్ల ఒకటే. పరదేశమునకు వెళ్లవద్దని మేమనము, మా పిల్లలే వెళ్లారు. అక్కడి పరీక్షలో కూడ వారిని అడిగినది యంత్రములను గురించి తక్కువ. నలుగురు రోగులలో ముందుగా ఎవరి దగ్గరకు వెళ్లుదువు, ఎందుకు అన్నది ఎక్కువ.

మన ఇండ్లలో పెద్దవారు మంచమున పడినప్పుడు సంఘములోని రిటైరైన సిస్టర్లను పిలుస్తున్నారు. మాకు సంతోషమే. వెళ్లినప్పుడు ఇంటి కోడండ్రకు, కొడుకులకు కొన్ని చూపిస్తున్నాము. తలగడను మడమల క్రింద కాక పిక్కల క్రింద పెట్టి, మడమ గాలిలో తేలునట్లు ఉంచుట. పండుకొనియున్నవారి నోటిలో నీళ్లు పోయక, తల ఎత్తి కూర్చుండబెట్టి చెంచాతో ఇచ్చుట. ఊపిరి లెక్కపెట్టుట. ఈ చివరిదానికి ఒక కిటుకున్నది. లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరైనను ఊపిరిని సర్దుకొంటారు, లెక్క తప్పుతుంది. కనుక మణికట్టు పట్టుకొని నాడి చూస్తున్నట్లే ఉండి, కన్ను మాత్రము ఛాతీ మీద ఉంచి, రెండవ చేతిలోని గడియారములో ముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగేవరకు లెక్కించవలెను. అర నిమిషము చూచి రెండింతలు చేయరాదు.